ముత్తాత ఏ దఫ్తరులో దొరుకుతాడు?

గద్వాల ప్రాంతంలో ముత్తాత ఆనవాళ్ళు వెతకాలనుకున్నవాళ్ళు ఎక్కువగా మహబూబ్‌నగర్ నుంచే మొదలుపెడతారు. పాలమూరు జిల్లా అంటే అదే కదా అన్న ధీమా. కానీ 1956 నవంబరు 1కి ముందు గద్వాల, ఆలంపూర్ తాలూకాలు ఆ జిల్లాలో లేనే లేవు. హైదరాబాద్ రాజ్యంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాలను భాష ప్రకారం విడదీసినప్పుడు రాయచూరు మైసూరు వైపు పోయింది, ఈ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మహబూబ్‌నగర్‌లో కలిశాయి. అందుకని 1940లో గట్టులోనో, అయిజలోనో భూమి దున్నిన రైతు పేరు మహబూబ్‌నగర్ పాత లెక్కల్లో కనిపించకపోతే ఆ రైతు లేడని కాదు. ఆయన కాలంలో జిల్లా కచేరి మరో ఊళ్ళో ఉండేది, అంతే.

నాగర్‌కర్నూల్‌ది ఇంకో కథ. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. అంతకు ముందు ఈ జిల్లాను నాగర్‌కర్నూల్ పేరుతోనే పిలిచేవారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు వేరు జిల్లాలయ్యాయి. నూటపాతికేళ్ళలో ఒకే ఊరు, కదలకుండా కూర్చునే, మూడు నాలుగు చిరునామాలు మార్చుకుంది.

పూర్వీకుల వెతుకులాట గురించి చెప్పే పుస్తకాలు మనిషి పేరుతో మొదలుపెట్టమంటాయి. పాలమూరులో ఆ సలహా పనికిరాదు. ఇక్కడ ముందు తేలాల్సింది ఊరు. అది ఏ ఏలుబడిలో ఉండేది? ఎవరికి శిస్తు కట్టేది? ఏ కాలంలో ఏ కచేరికి దాని లెక్కలు పోయేవి? ఈ మూడూ తెలిస్తే మనిషి తనంతట తానే దగ్గరపడతాడు. తెలియకపోతే ఏళ్ళ తరబడి తప్పు బీరువాలు తెరుస్తూనే ఉండాలి.

ఏలుబడి ఎవరిది?

నిజాం రాజ్యంలో ఊళ్ళన్నీ నిజాం ప్రభుత్వం నేరుగా ఏలినవి కావు. సర్కారుకే శిస్తు కట్టే ఊళ్ళను దివానీ అనేవారు. మిగతావి జాగీర్లు, సంస్థానాలు. ఈ మూడు జిల్లాల చుట్టుపక్కలే ఐదు సంస్థానాలుండేవి: గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు, ఆత్మకూరు కేంద్రంగా అమరచింత, వనపర్తి పక్కనే గోపాలపేట. ఒక్కో సంస్థానానికి సొంత దఫ్తరు, సొంత ఉద్యోగులు, సొంత వసూళ్ళు. 1949లో జాగీర్ల రద్దు నిబంధన వచ్చి సంస్థానాల పాలన జాగీర్ అడ్మినిస్ట్రేటర్ చేతికి పోయేదాకా ఇదే నడిచింది. కాబట్టి వనపర్తి దగ్గరి ఊరివాడు 1930లో శిస్తు కట్టాడంటే, రసీదు మీద ఉండే ముద్ర వనపర్తి రాజావారిదా, నిజాం సర్కారుదా అన్నది మొదట చూడాలి.

ఆ గుర్తులు ఈనాటికీ ఊళ్ళలో కళ్ళెదుటే ఉన్నాయి. గద్వాల కోటలోని కళాశాల మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరు మీద నడిచింది. వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ ఉంది. వేల మంది పిల్లలు ఆ భవనాల్లో చదువుకున్నారు. తమ ముత్తాత చేతులు కట్టుకుని నిలబడిన కచేరి అదే గోడల మధ్య ఉండేదని వాళ్ళలో ఎందరికి ఎవరైనా చెప్పారో!

సంస్థానాల చరిత్ర కావాలంటే తూమాటి దోణప్ప ‘ఆంధ్ర సంస్థానములు: సాహిత్య పోషణ’ ఉంది. అందులో రాజులు, కవులు ఉంటారు, రైతు ఉండడు. అయినా చదవాలి. ఏ ఊరు ఏ సంస్థానం కింద ఉండేదో, అక్కడ ఏ కాలంలో ఎవరు రాజ్యం చేశారో తెలుస్తుంది. ‘గద్వాల సోమభూపాలుని కాలంలో మనవాళ్ళు ఇక్కడికొచ్చారు’ అన్న ఇంటి మాటకు ఒక శతాబ్దం దొరుకుతుంది.

ఒక పహాణీ పేజీ

తెలంగాణ పల్లెలో మామూలు రైతును పేరుపేరునా పట్టిచ్చే కాగితం ఒకటుందంటే అది 1954-55 ఖాస్రా పహాణీ. ఊళ్ళోని ప్రతి సర్వే నంబరునూ తిరిగి చూసి రాసిన లెక్క అది. దాని తర్వాత 1955-58 చేసాల పహాణీ వచ్చింది. అంతకు ముందుది సేత్వార్, అంటే సర్వే సెటిల్‌మెంట్ నాటి మూల రికార్డు. భూమి తగాదాల్లో వకీళ్ళు ఈ మూడింటినే పట్టుకుంటారు. వంశం వెతికేవాళ్ళకూ ఇవే ప్రాణం.

పేజీని నిదానంగా చూడాలి. ఎడమన సర్వే నంబరు, విస్తీర్ణం ఎకరాలు గుంటల్లో. నలభై గుంటలు ఒక ఎకరం. ఆ పక్కన భూమి రకం: ఖుష్కి అంటే మెట్ట, తరి అంటే చెరువో కాలువో బావో పారే మాగాణి. పట్టాదారు గడి ఒకటి, కబ్జాదారు గడి ఇంకొకటి. ఈ రెండు గడుల్లో ఒకే పేరు ఉంటే ముత్తాత సొంత భూమి దున్నాడు. వేరు పేర్లుంటే, పట్టా దొరది, చెమట ముత్తాతది. పేరు పక్కన ‘వల్ద్’ అని ఉంటుంది, ఫలానావాడి కొడుకు అని. ‘బాలయ్య వల్ద్ ఎల్లయ్య’ అన్న మూడు మాటలతో రెండు తరాలు చేతికొస్తాయి. చివర కైఫియత్ గడిని చాలామంది వదిలేస్తారు. పట్టాదారు చనిపోయిన సంగతి, కొడుకుల పేర్లు, అమ్మకం, తాకట్టు లాంటివి తరచూ అక్కడే ఇరుక్కుని ఉంటాయి.

చాలా ఊళ్ళ ఖాస్రా పహాణీ ఉర్దూలో ఉంటుంది, అదీ గొలుసుకట్టు శికస్తా రాతలో. ఉర్దూ బడిలో చదివినవాళ్ళకే అది చప్పున కొరుకుడు పడదు. పాత రెవెన్యూ ఉద్యోగులు, వకీళ్ళ దగ్గర పనిచేసిన గుమాస్తాలు, కొందరు మౌల్వీలు చదవగలరు. తాలూకా ఊళ్ళన్నింటా అలాంటివారు ఒకరిద్దరున్నారు, అందరూ పెద్దవాళ్ళే. ఈ పని వాయిదా వేయకూడదనడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు. చదివించేటప్పుడు ఫోన్‌లో వాళ్ళ గొంతు రికార్డు చేసుకోవడం మేలు. ఉర్దూ లిపిలో పడ్డ తెలుగు పేరు రెండు మూడు రకాలుగా పలుకుతుంది. వాళ్ళు మొదట ఏమని చదివారో, తర్వాత ఎలా దిద్దుకున్నారో రెండూ పనికొస్తాయి.

తేదీలు ఫసలీలో ఉంటాయి. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం ఆజూర్ నెలతో, అక్టోబరు మొదటివారంలో మొదలవుతుంది. ఫసలీ అంకెకు 590 కలిపితే ఆ సంవత్సరం మొదలైన ఇంగ్లీషు ఏడాది వస్తుంది. జనవరి నుంచి మొదలయ్యే నెలలైతే 591 కలపాలి. 1343 ఫసలీ అంటే 1933 అక్టోబరు నుంచి 1934 అక్టోబరు దాకా. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫసలీలోకి వస్తుంది.

నకలు కావాలంటే ఊరి పేరు, సర్వే నంబరు రాసి తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. మీసేవ ద్వారా కొన్ని దొరుకుతాయి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది: మండల స్థాయిలో ఐదు రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. సర్వే నంబరు తెలియనివాళ్ళు ఇంట్లోని పాత పాసుపుస్తకాలు, బ్యాంకు అప్పు కాగితాలు, పాలివాళ్ళ దగ్గరున్న శిస్తు రసీదులు వెతుక్కోవాలి. ఏదీ లేకపోతే ఊరి పటం ముందు పెట్టుకుని, ‘మన చెల్క చెరువుకు ఏ దిక్కున ఉండె?’ అని పెద్దవాళ్ళను అడిగితే నంబరు బయటపడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పట్నం నుంచి వచ్చిన మనవడు పహాణీ అని నోరు తెరిస్తే ఊళ్ళో మొదట పుట్టేది అనుమానం. ‘పాలు అడగనీకి వచ్చిండేమో’ అనుకుంటారు. భూముల ధరలు పెరిగాక, రికార్డులు కంప్యూటర్లోకెక్కి పేర్లు తారుమారయ్యాక ఆ భయం ఎక్కువైంది. అందుకని వచ్చింది భూమి కోసం కాదని మొదటిరోజే పాలివాళ్ళందరి ముందు చెప్పాలి. తీసుకున్న ప్రతి నకలులో ఒక ప్రతి వాళ్ళకూ ఇవ్వాలి. దాచిపెట్టి వెతికితే తాత దొరకడం అటుంచి చుట్టరికం తెగుతుంది.

పట్టా లేనివాడి తాత

ఖాస్రా పహాణీతోనే వంశం అయిపోతే అది భూమి ఉన్నవాళ్ళ వంశం మాత్రమే. పాలమూరులో భూమి లేనివాళ్ళే ఎక్కువ కష్టపడ్డారు, వాళ్ళ పేర్లే తక్కువ రాశారు. వాళ్ళ కోసం వేరే కాగితాలు చూడాలి.

1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు మొదటివి. దొర పొలం కౌలుకు చేసినవాళ్ళ పేర్లు అందులో దొరుకుతాయి. ప్రభుత్వ భూమి పంచినప్పుడు రాసిన లావణి పట్టా రిజిస్టర్లు రెండోవి. మూడోది ఊరి సేవకుల ఇనాం భూములు. చెరువు నీళ్ళు పారించే నీరడి, ఊరికి కాపలా ఉండి కబురు మోసే సేత్‌సింధి, బేగరి లాంటివారికి చేసిన పనికి బదులుగా కొంత భూమి ఉండేది. ఆ ఇనాం ఒకరి నుంచి వారసుడికి మారినప్పుడల్లా విరాసత్ రాశారు. పెద్ద ఇనాంల విషయంలో విచారణ జరిపి ముంతఖబ్ అనే పత్రం ఇచ్చేవారు. వారసులెవరో తేల్చడమే ఆ విచారణ పని కాబట్టి, ముంతఖబ్ దొరికిన కుటుంబానికి రెండు మూడు తరాల వరస ఒక్కచోటే దొరుకుతుంది. నిజాం కాలపు ఫైళ్ళు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురావస్తు ప్రతుల భాండాగారంలో ఉన్నాయి. జనం స్టేట్ ఆర్కైవ్స్ అంటారు. పారసీ, ఉర్దూ తెలిసినవారిని వెంట తీసుకుపోకపోతే అక్కడ పని ముందుకు సాగదు.

ఈ కాగితాల్లో పేర్లు చూసి మనసు కష్టపెట్టుకోవాల్సి వస్తుంది. రెడ్డి పేరు ‘రెడ్డి’ అనీ, కరణం పేరు ‘రావు’ అనీ రాసిన అదే చేతులు దళితుడి పేరును ‘ఎల్లిగాడు’ అని రాశాయి. వంశవృక్షంలోకి ఎక్కించేటప్పుడు ఎల్లయ్య అనే రాయాలి. నకలును మాత్రం దిద్దకుండా ఉన్నదున్నట్టు ఉంచాలి. ఆ ‘గాడు’ ముత్తాత గురించి చెప్పదు. రాసినవాళ్ళ గురించి చెబుతుంది, అదీ రేపటి పిల్లలకు తెలియాలి.

జోగిని వ్యవస్థ ఉన్న ఊళ్ళలో ఇంకో ఖాళీ ఎదురవుతుంది. బడి రిజిస్టర్లో తండ్రి పేరు గడి ఖాళీగానో, దేవుడి పేరుతోనో ఉంటుంది. 1988లో చట్టం ఆ ఆచారాన్ని నిషేధించింది. ఆ పిల్లల పిల్లలు ఈనాడు తమ వంశం వెతుక్కుంటున్నారు. వాళ్ళ వృక్షం తల్లి పేరుతో మొదలై తల్లి వైపే పెరగాలి. ఇందులో దాచాల్సిందేమీ లేదు, ఆ ఇంటివాళ్ళ అనుమతి లేకుండా బయట చెప్పాల్సిందీ లేదు.

నోటిలో ఉన్న రికార్డు

దఫ్తరు రాయని పేర్లను రాసుకున్నవాళ్ళు, కాదు, కంఠస్థం చేసినవాళ్ళు ఉన్నారు. తెలంగాణలో దాదాపు ప్రతి కులానికీ దాని వంశం చెప్పే ఆశ్రిత కులం ఒకటుంది. కాపులకు, రెడ్లకు గోత్రాలు చెప్పేవాళ్ళను పూర్వం పిచ్చకుంట్లవాళ్ళనేవారు, తమను వంశరాజులని పిలవాలని వాళ్ళు కోరుకుంటారు. పద్మశాలీలకు సాధనాశూరులు, కూనపులివాళ్ళు. గొల్లలకు మందెచ్చులవాళ్ళు. విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్ళు. లంబాడీ తండాలకు ఢాడీలు. మాదిగలకు డక్కలివాళ్ళు.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య డక్కలి కళాకారుడే. సొరబుర్రలు, వెదురు కలిపి కట్టే పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘భీమ్లా నాయక్’ పాటతో దేశమంతా ఆ గొంతు విన్నది. వినోదంగా విన్నవాళ్ళు ఎక్కువమంది. ఆ కిన్నెర వెనక ఉన్న పని వేరు. డక్కలి కుటుంబం తనకు హక్కున్న మాదిగ వాడలకు ఏళ్ళ తరబడి తిరిగేది, వాళ్ళ కులపురాణమైన జాంబపురాణం చెప్పేది, ఏ ఇంట్లో ఎవరు పుట్టారో ఎవరు పోయారో గుర్తుపెట్టుకునేది. ఒక్క ఎకరం పట్టా లేని ఇంటి వంశం ఏ తహసీలు బీరువాలోనూ లేకపోయినా వాళ్ళ నాలుక మీద ఉండేది.

ఊళ్ళో ‘మనింటికి వంశం చెప్ప వచ్చేటోళ్ళు ఎవరు? ఆఖరుసారి ఎప్పుడొచ్చిండ్రు? ఏ ఊరోళ్ళు?’ అని అడగడం అందుకే ముఖ్యం. వాళ్ళు దొరికితే మర్యాదగా ఇంటికి పిలవాలి. ఇచ్చే కట్నం పాత లెక్కలో కాక, ఒక పండితుడికి ఇచ్చేటంత ఇవ్వాలి. పురాణ భాగం ఎక్కడ ఆగి, నిజమైన ఇంటి మనుషుల పేర్లు ఎక్కడ మొదలవుతాయో వాళ్ళనే అడిగి తెలుసుకోవాలి. పై తరాలు కథలో కలిసిపోతాయి, కింది నాలుగైదు తరాలు మాత్రం చాలావరకు నమ్మదగినవి. ఆ నాలుగైదింటినే పహాణీతో సరిపోల్చాలి.

ఇంట్లో పెద్దవాళ్ళను అడగడంలోనూ ఒక నేర్పు కావాలి. ‘పుట్టిన తేదీ ఎప్పుడవ్వా?’ అంటే అవ్వ నవ్వి ఊరుకుంటుంది. ‘రజాకార్ల లొల్లిల నువ్వు నడుస్తున్నవా, చంకల ఉన్నవా?’ అంటే టక్కున చెబుతుంది. సికింద్రాబాద్ నుంచి గద్వాలకు రైలు వచ్చింది 1916లో. అంతకు ముందు 1876-78 నాటి ధాత కరువు. 1947-48 రజాకార్ల కాలం. అమరచింత సంస్థానంలోని అప్పంపల్లిలో జనం మీద కాల్పులు జరిగింది 1947 అక్టోబరులో. శ్రీశైలం నీళ్ళు ఊళ్ళలోకి వచ్చింది 1980ల మొదట్లో. అవ్వ చెప్పిన సంగతిని ఈ మేకుల్లో ఒకదానికి తగిలిస్తే సంవత్సరం ఒకటి రెండేళ్ళ తేడాలో తేలుతుంది.

పేర్లతో ఇంకో చిక్కు ఉంది. తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం. అందువల్ల ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, ఒకే కాలంలో ఇద్దరు ముగ్గురు బాలయ్యలుంటారు. పెద్ద బాలయ్య, చిన్న బాలయ్య, బక్క బాలయ్య, బావికాడి బాలయ్య. కాగితం మీద వీళ్ళందరూ ఒక్కడే. వల్ద్ తర్వాతి పేరు, సర్వే నంబరు కలిపి చూస్తేనే విడివిడిగా నిలబడతారు. ఇంటిపేరునూ గుడ్డిగా నమ్మకూడదు. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు అసలు ఇంటిపేరు పుల్లమరాజు. బూర్గుల ఆయన ఊరు. ఆయన పుట్టింది కల్వకుర్తి ప్రాంతంలోని పడకల్‌లో. ఇలా ఊరు మారి ఇంటిపేరు మారిన కుటుంబాలు ఈ మూడు జిల్లాల్లో లెక్కలేనన్ని. పుట్టిన ఊరు, సొంతూరు వేరు కావడం మరీ మామూలు, తొలి కాన్పు పుట్టింట్లోనే జరుగుతుంది కదా. సురవరం ప్రతాపరెడ్డి 1896లో బోరవెల్లిలో పుట్టారు, సొంతూరు ఇటిక్యాలపాడు. ముత్తాత ఒక ఊరి లెక్కల్లో దొరక్కపోతే ముత్తవ్వ పుట్టింటి ఊరికి పోవాలి.

సురవరం పేరు వచ్చింది కాబట్టి ఆయన చేసిన ఒక పని ఇక్కడ చెప్పుకోక తప్పదు. తెలంగాణలో కవులు లేరని ఒకరు రాసిన మాటకు ఆయన వాదనతో జవాబివ్వలేదు. గోలకొండ పత్రిక ద్వారా ఊరూరి నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. రైలు, కార్డు ముక్క తప్ప మరేమీ లేని కాలంలో! తమ ఇంట్లో పద్యాలు రాసిన తాత ఉన్నాడని విన్నవాళ్ళు మొదట ఆ సంచిక తిరగేయాలి. నాగర్‌కర్నూల్‌లో స్థిరపడిన కపిలవాయి లింగమూర్తి (1928-2018) దారీ అదే. గుళ్ళు, ఊళ్ళ పేర్లు, తాళపత్రాలు, స్థలపురాణాల కోసం పాలమూరు పల్లెలన్నీ తిరిగి, ‘పాలమూరు జిల్లా దేవాలయాలు’ వంటి పుస్తకాలు రాశారు. ఊరి గుడి చరిత్ర దొరికితే అర్చకుడి, ధర్మకర్త, పూజాహక్కున్న కుటుంబాల పేర్లు వెంటబడి వస్తాయి. కురుమూర్తి జాతరలో స్వామికి ఉద్దాలు (పాదరక్షలు) కుట్టి తెచ్చే హక్కు వడ్డెమాన్ మాదిగ కుటుంబాలది. అలాంటి హక్కు ఎక్కడ ఉంటే అక్కడ తరాల వరస జ్ఞాపకంలో పదిలంగా ఉంటుంది, ఎందుకంటే వరస తప్పితే హక్కు పోతుంది.

నీళ్ళ కింది ఊళ్ళు

శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు నూరు ఊళ్ళు పోయాయి. జటప్రోలు, కూడవెల్లి గుళ్ళను రాయి రాయి విప్పి గట్టుకు తెచ్చి మళ్ళీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుడు ఆలంపూర్‌లో కొత్త చోట వెలిశాడు. మనుషుల ఇళ్ళకు, సమాధులకు ఆ భాగ్యం దక్కలేదు. ముంపు ఊరివాళ్ళకు భూసేకరణ అవార్డులే పహాణీ. పరిహారం ఎవరికి, ఏ సర్వే నంబరుకు, ఎంత అని రాసిన ఆ పట్టికల్లో పట్టాదారుల పేర్లుంటాయి. 1986లో వచ్చిన 98 జీవో కింద నిర్వాసితుల కుటుంబాలు ఉద్యోగాల కోసం పెట్టుకున్న దరఖాస్తులూ పనికొస్తాయి. వాటికి జతచేసిన కుటుంబ వివరాల్లో తరాలు కనిపిస్తాయి. 2009 అక్టోబరు వరదలో ఆలంపూర్, రాజోలి ఇళ్ళలో ఉన్న కాగితాలూ కొట్టుకుపోయాయి. రాజోలి నేతవాళ్ళు మగ్గాలతో పాటు పెట్టెల్లోని పాత పత్రాలు కూడా పోగొట్టుకున్నారు. ఏ ఇంట్లో ఏ కాగితం ఉన్నా వెంటనే ఫొటో తీసి రెండు మూడు చోట్ల దాచుకోవాలనడానికి ఆ వరద ఒక్కటి చాలు.

వలస పోయినవాళ్ళ దారి ఇంకా కష్టం. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చెరకు తోటల్లో పనికి 1860 నుంచి 1911 దాకా ఓడలెక్కిన 1,52,184 మంది భారతీయుల పేర్లు, తండ్రి పేర్లు, ఊళ్ళు ఓడ జాబితాల్లో ఉన్నాయి. దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు వాటి ఆధారంతోనే ఉత్తరాంధ్ర పల్లెల్ని వెతుక్కుంటున్నారు. పాలమూరు కూలీ ఓడెక్కలేదు. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో ప్రాజెక్టులు కట్టడానికి పోయాడు. బొంబాయి పోయాడు. అక్కడి కామాఠిపురా పేరే నిజాం రాజ్యం నుంచి వెళ్ళిన తెలుగు కూలీల వల్ల వచ్చింది. వాళ్ళ పేర్లు ఏ రేవులోనూ రాయలేదు. వాళ్ళను కనిపెట్టాలంటే మేస్త్రిని కనిపెట్టాలి. మేస్త్రి ఊరు, ఆయన కొడుకులు, ఆ గుంపులో పోయిన మిగతా ఇళ్ళు, వాళ్ళు గుడిసెలు వేసుకున్న పనిచోటు. ఒకే గుంపులో పోయిన నాలుగు ఇళ్ళవాళ్ళను ఒకచోట కూర్చోబెడితే ఒకరి మరపును ఇంకొకరి జ్ఞాపకం పూడుస్తుంది.

‘జనగణనలో ముత్తాత పేరు దొరకదా?’ అని అమెరికాలో పుట్టిన మనవరాలు అడిగే ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పాలి. అక్కడ 1950 జనగణన పట్టికలు, పేర్లతో సహా, 2022 ఏప్రిల్ 1న అందరికీ తెరిచారు. మన జనగణనలో ఇంటింటి పేర్ల పట్టికలు అలా బయటికి రావు. అచ్చయ్యేది అంకెలే. అందుకని మన దగ్గర ఆ లోటు తీర్చేది బడి ప్రవేశ రిజిస్టరు. 1950లు, 60లలో బడి పెట్టిన ప్రతి ఊళ్ళో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, పంతులుగారు ఊహించి వేసిన పుట్టినతేదీ అందులో ఉంటాయి. జూన్, జులై తేదీలు కుప్పలుగా కనిపిస్తే అవి నిజం కావని గుర్తుంచుకోవాలి. బడిలో చేర్చే వేళకు అయిదేళ్ళు నిండినట్టు లెక్క సరిపోవడానికి వేసినవి అవి.

నల్లమలలో మాత్రం కాగితం కంటే ఫొటోకే బలం ఎక్కువ. ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచుల మధ్య ఉండి, వాళ్ళ ఇంటిపేర్లు, పెంటలు (చెంచు గూడేలు), పెళ్ళి సంబంధాలు రాసుకుని 1943లో పుస్తకం వేశాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయస్ గ్రంథాలయంలో ఉన్నాయి, చాలావాటిని ఇంటర్నెట్‌లో చూడవచ్చు. మన్ననూరులోనో అప్పాపూర్‌లోనో ఉన్న చెంచు యువకుడు వాటిని పెద్ద సైజులో అచ్చు తీయించి పెంటకు పట్టుకుపోవాలి. ఒక్కరికే చూపించకుండా నలుగురైదుగురు పెద్దలకు విడివిడిగా చూపించి, ముఖం ఎవరిదో, ఏ ఇంటిపేరో, ఏ పెంటో ఎవరు చెప్పింది వాళ్ళ పేరుతోనే రాసుకోవాలి. ఇద్దరు ఒకే పేరు చెప్తే ఫొటో వెనక పెన్నుతో, ఒక్కరే చెప్తే పెన్సిల్‌తో రాయడం మంచి పద్ధతి. అలా తేలిన పేర్లను ఫొటో నంబరుతో సహా ఆ గ్రంథాలయానికి తెలియజేస్తే, ఎనభై ఏళ్ళుగా ‘ఒక చెంచు స్త్రీ’, ‘ఒక చెంచు పురుషుడు’ అన్న మాటలున్న చోట వాళ్ళ సొంత పేర్లు చేర్చమని అడగవచ్చు.